మోటుపల్లి లేఖరికి బల్ల ఎందుకు?

అమ్మాయీ,

నీ కథ నాలుగో పేజీలో ఆగిపోయాను. కాకతీయ గణపతిదేవుడి కాలం, మోటుపల్లి రేవు. అక్కడ నీ లేఖరి బల్ల ముందు కూర్చుని, ఈక సిరాలో ముంచి తాటాకు మీద రాస్తున్నాడు! ఆ ఈక ఏ ఇంగ్లిష్ సినిమాలోంచి ఎగిరొచ్చింది?

మనవాళ్లు తాటాకు మీద గంటంతో, అంటే మొనదేలిన ఇనపకలంతో, గీసేవారు. ఆకు ఎడమచేతిలో, గంటం కుడి గుప్పిట్లో, ఆసరాకి ఎడమ బొటనవేలు. గీసింది వెంటనే కంటికి ఆనదు. దీపపు మసి నూనెతో కలిపి రుద్ది తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. లెక్కలకు కడితం ఉండేది: గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి, ఆరాక బలపంతో రాసుకోవడం. బల్లతో పనే లేదు.

'అతని హృదయం తుఫానులో నావలా ఊగింది' అన్నావు. అసలు తుఫానే అక్కడుంటే ఉపమానం ఎందుకమ్మా? ఓడ వర్తకులకు గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన 1244 నాటి అభయశాసనం చూడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, గుర్రాలు, ఏనుగులు పూర్వపు రాజులు లాక్కునేవారట. ఈయన సుంకం తప్ప ఏదీ ముట్టనని రాతిమీద మాటిచ్చాడు. సుంకం ముప్పైకి ఒకటి. అందులో చెప్పిన సరుకులు చూడు: చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు... తడిసి ముద్దయిన పట్టునూలులో ముప్పయ్యో వంతు ఎలా తీస్తాడు నీ లేఖరి? పక్కన ఓడవాడు ఏడుస్తుంటే? నాకు కావలసింది ఆ పూట.

నా మొదటి కథలో మా తాత రాసిన అడంగల్ (ఊరి పొలాల, పంటల లెక్క) పద్దు ఒకటి ఉన్నదున్నట్టు పెట్టాను. ఒక సంపాదకుడు "ఇది కథా, చిట్టానా?" అని అది కొట్టేసి, ఆ చోట తనే వెన్నెల కురిపించాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ వెన్నెల తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తాత కరణం. 1984లో కరణాల పదవులే రద్దయి ఉద్యోగం పోయాక కాగితాలన్నీ అప్పజెప్పొచ్చి, ఖాళీ పెట్టె మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. ఆ పద్దు ఆయన చేతి రాత.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ ఈక తీసెయ్యి.

లేఖరి భార్య అన్నానికి పిలిస్తే, లెక్క మరిచిపోతానని వేళ్లు ముడుచుకునే వచ్చి విస్తరి ముందు కూర్చుంటాడే, అది ముట్టుకోకు. అది చదివి చాలాసేపు పేజీ తిప్పలేదు. కాకపోతే ఎన్ని వేళ్లు ముడిచాడో రాయలేదు నువ్వు. రాసి పంపు.