వైట్‌హౌస్ పేలిన క్యాసెట్టు: మీరడిగారు, మేం చెప్తున్నాం

ఏలియన్స్ భూమ్మీదకి దండెత్తొచ్చే సినిమాలు ఇంట్లో చూసేవాళ్లకి ఏమైనా డౌట్లుంటే రాయమని పోయిన నెల అడిగాం కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క సినిమా మీదే ఉన్నాయి, ‘ఇండిపెండెన్స్ డే’. రోలాండ్ ఎమ్మెరిక్ తీసిన 1996 సినిమా. సరే అని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను, నాకూ చాలా ఇష్టమైన సినిమా కాబట్టి కొన్ని జవాబులు కాస్త పొడుగొచ్చాయి.

ప్రశ్న: మా అన్నయ్య దగ్గర ఈ సినిమా పాత వీహెచ్ఎస్ క్యాసెట్ ఉందండీ. సినిమా రిలీజైన ఏడాదే క్యాసెట్ కూడా వచ్చేసిందంటాడు. అప్పట్లో అంత తొందరగా వచ్చేవా?

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమేనండీ. అమెరికాలో సినిమా 1996 జులై 3న రిలీజైతే క్యాసెట్ అదే ఏడాది నవంబర్ 22న వచ్చింది, అంటే ఐదు నెలలు కూడా నిండలేదు. ఇప్పుడు మనకిది పెద్ద విషయంలా అనిపించదు గానీ అప్పటికి తొందరే, స్పీల్‌బర్గ్ తీసిన ‘ఈ.టీ.’ 1982లో వస్తే దాని క్యాసెట్ కోసం జనం 1988 దాకా ఆగారు మరి. పైగా అప్పట్లో అమెరికాలో చాలా సినిమాల క్యాసెట్లు మొదట అద్దె షాపుల కోసమే వచ్చేవి, ఒక్కోటి 80, 90 డాలర్లు ఉండేది, మామూలు మనిషి కొనుక్కునే రేటు కాదది. పెద్ద హిట్టయి ఇంటింటికీ అమ్ముడుపోతుంది అనుకున్నవాటికి మాత్రమే మొదటిరోజు నుంచే 20 డాలర్ల ప్రాంతంలో రేటు పెట్టేవాళ్లు. ఈ సినిమా ఆ రెండో రకం. థియేటర్లలో ప్రపంచమంతా కలిపి 80 కోట్ల డాలర్ల పైనే వసూలు చేసిన సినిమా, క్రిస్మస్ కొనుగోళ్ల ముందు షాపుల్లోకి దిగింది, ఇంక చెప్పేదేముంది.

అన్నట్టు ఆ క్యాసెట్ కవర్ ఇంకా బాగుంటే జాగ్రత్తగా దాచమనండి. దాని మీద గీతలు గీతలుగా ఉండే ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది, చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచితే ఒకవైపు నుంచి వైట్‌హౌస్ మామూలుగా కనపడుతుంది, ఇంకోవైపు నుంచి పేలిపోతూ కనపడుతుంది. ఆ ప్లాస్టిక్ మీద వేలితో రాస్తే గరగరలాడుతుంది చూడండి, ఆ గీతలు ఒక్కొక్కటీ ఒక చిన్న లెన్స్. రెండు బొమ్మల్నీ సన్నటి పట్టీలుగా కోసి ఒకదాని పక్కన ఒకటి అచ్చేస్తారు, మన కన్ను ఏ కోణంలో ఉంటే ఆ లెన్సులు ఆ బొమ్మ పట్టీల్నే చూపిస్తాయి.

ప్రశ్న: డిస్క్‌లో పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని మా నాన్నగారు ఒకటే గొడవ. క్యాసెట్‌లో టీవీ నిండా వచ్చేది, డిస్క్‌లో బొమ్మ కోసేశారు అంటారు. ఆయనకి ఎలా చెప్పాలి?

జవాబు: నాన్నగారికి అలా అనిపించడంలో తప్పేం లేదండీ, చాలామంది ఇళ్లల్లో జరిగిన గొడవే ఇది. కాకపోతే సంగతి తిరగేసి ఉంది. సినిమా తెర ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 2.35, పాత టీవీలో వెడల్పు 1.33 మాత్రమే. మరి అంత వెడల్పు బొమ్మని ఇంత పెట్టెలో నింపాలంటే పక్కలు కొయ్యాల్సిందే, నేరుగా కోస్తే వంద పాళ్లలో 43 పాళ్ల బొమ్మ పోతుంది. ఒకే షాట్‌లో ఆ చివర ఒకళ్లు ఈ చివర ఒకళ్లు ఉండి మాట్లాడుకుంటుంటే క్యాసెట్ తయారు చేసేవాళ్లు ఒకసారి ఇటు ఒకసారి అటు జరపాలి, డైరెక్టర్ అసలు కదపని కెమెరా మన ఇంట్లో కదిలేది.

ఈ సినిమా సూపర్ 35 అనే పద్ధతిలో తీశారు కాబట్టి ఇంకో మెలిక ఉంది, ఆ పద్ధతిలో థియేటర్లో చూపించని పైభాగం, కింది భాగం కూడా ఫిల్మ్ మీద పడుతుంది, టీవీ వెర్షన్‌కి కొన్ని షాట్లలో దాన్ని వాడుకోవచ్చు. కానీ ఎఫెక్ట్స్ షాట్లు మామూలుగా వెడల్పు తెర వరకే తయారు చేస్తారు, అక్కడ పక్కలు కొయ్యక తప్పదు. ఊరంతా కప్పేసే ఏలియన్స్ ఓడ గురించి సినిమా తీసి ఆ ఓడ అంచులే కనపడకుండా కోసేస్తే ఇంకేం మిగిలింది, నాకైతే ఆ క్యాసెట్‌లో పోయింది అదే అనిపిస్తుంది. నాన్నగారితో వాదించకుండా ఓడ నీడ ఊరి మీదకి జరిగే సీన్ ఒక్కటి క్యాసెట్‌లో, వెంటనే డిస్క్‌లో వేసి చూపించండి, ఆయనే ఒప్పుకుంటారు.

ప్రశ్న: వైట్‌హౌస్ పేలే షాట్ కంప్యూటర్‌తో చేసిందేనా సార్? మా ఫ్రెండ్‌తో పందెం కాశాను.

జవాబు: కంప్యూటర్ అని కాసుంటే ఓడిపోయారు! అది నిజంగా పేల్చిన మోడల్. దాదాపు 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తున్న వైట్‌హౌస్ కట్టి, దాన్ని ఎలా పేల్చాలో వారం రోజులు ప్లాన్ చేసి, 40 చోట్ల మందు పెట్టి పేల్చారు. మళ్లీ ఇంకోసారి తీద్దాం అంటే కుదిరే పని కాదు కదా, అందుకే అంత ప్లానింగ్.

ఇందులో అసలు కిటుకు కెమెరా స్పీడులో ఉంది. చిన్న మోడల్ పేలితే ముక్కలు కన్ను మూసి తెరిచేలోగా కింద పడిపోతాయి, మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీస్తే బొమ్మరిల్లు పేలినట్టే ఉంటుంది. అందుకని కెమెరాని దానికి ఎన్నో రెట్లు స్పీడుగా తిప్పి తీసి, మామూలు స్పీడులో చూపిస్తారు, అప్పుడు ముక్కలు నెమ్మదిగా లేచి నెమ్మదిగా పడతాయి, మన మెదడు దాన్ని ‘ఓహో చాలా పెద్దది, చాలా బరువైంది’ అని చదువుకుంటుంది. డిస్క్‌లో అయితే ఆ షాట్‌ని పాజ్ చేసి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడొచ్చు, క్యాసెట్‌లో పాజ్ నొక్కితే బొమ్మ మధ్యలో తెల్ల గీతలొచ్చి వణికేది, ఏమీ తెలిసేది కాదు.

దానికంటే నాకు ఇష్టమైంది వీధుల్లో మంటల గోడ దూసుకొచ్చే షాట్. మంట పైకే పోతుంది కానీ రోడ్డు వెంట అడ్డంగా పరిగెత్తదు. అందుకని వాళ్లు వీధి మోడల్‌నే నిలువుగా నిలబెట్టారు, కింద నుంచి మందు పేల్చి, పైన కెమెరా పెట్టారు. మంట దాని దారిన అది పైకి ఎక్కింది, తెర మీద మాత్రం వీధి వెంట మన మీదకి వచ్చేసింది. ఇంత సింపుల్ ఆలోచన తట్టినవాళ్లకి దండం పెట్టాలి. ఆ ఏడాది సినిమాలకిచ్చిన ఆస్కార్లలో విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు ఈ సినిమాకే వచ్చింది.

ప్రశ్న: డబ్బా మీద ఒకచోట 145 నిమిషాలు, ఇంకో దేశం డిస్క్‌లో ప్లేయర్ 139 చూపిస్తోంది. ఏ సీన్లు కట్ చేశారు?

జవాబు: ఒక్కటి కూడా కట్ చేసి ఉండకపోవచ్చు. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు, మన దేశంలో, యూరప్‌లో చాలాచోట్ల వాడిన పాల్ అనే టీవీ పద్ధతి సెకనుకి 25, అందుకని పాల్ దేశాల క్యాసెట్లకీ డీవీడీలకీ సినిమాని అలాగే 25కి పరిగెత్తించేసేవాళ్లు. నూటికి 4 పాళ్లు స్పీడు, 145 నిమిషాల సినిమా 139లో అయిపోతుంది. గొంతులు కూడా ఒక పిసరు సన్నగా వినపడతాయి, తెలిస్తే పట్టేస్తారు.

ప్రశ్న: స్పెషల్ ఎడిషన్ కొనాలా, మామూలుది చాలా? అందులో క్లైమాక్స్ వేరేగా ఉంటుందని మా కజిన్ అంటోంది.

జవాబు: స్పెషల్ ఎడిషన్లో దాదాపు 9 నిమిషాలు ఎక్కువుంటుంది, కానీ క్లైమాక్స్ అదేనమ్మా. మీ కజిన్ చెప్పేది డీవీడీలో ఎక్స్‌ట్రాగా విడిగా పెట్టిన సీన్ గురించి. 2000 జూన్‌లో వచ్చిన రెండు డిస్కుల డీవీడీలో ఉంటుంది అది. మనం సినిమాలో చూసేది పొలాలకి మందు చల్లే విమానం నడిపే రసెల్ కేస్ ఎఫ్-18 ఫైటర్‌లో వెళ్లి, మిసైల్ ఇరుక్కుపోతే విమానంతో సహా ఓడలోకి దూసుకుపోవడం కదా. మొదట తీసింది అలా కాదు, అతన్ని ఫైటర్లు నడపడానికి తీసుకోరు, అప్పుడు పొలాలకి మందు చల్లే తన పాత రెండు రెక్కల విమానానికే మిసైల్ కట్టుకుని వచ్చేస్తాడు. చూడ్డానికి భలే ఉంటుంది, కానీ ఫైటర్ల పక్కన ఆ చిన్న విమానం ఎగరడం నమ్మబుద్ధి కాదు, పైగా మార్చిన దాంట్లో మిసైల్ ఇరుక్కుపోతే అతను దూసుకుపోవాలనే నిర్ణయం అక్కడికక్కడ తీసుకుంటాడు, పిల్లల ఫొటో చూసుకుని. గొంతు పట్టేసేది అక్కడే. మార్చి మంచి పని చేశారనే నా అభిప్రాయం.

కొనే సంగతికొస్తే, మొదటిసారి చూసేవాళ్లకి మామూలు వెర్షనే వెయ్యండి, ఉరుకులా పోతుంది. ఇప్పటికే నాలుగైదు సార్లు చూసినవాళ్లకి పొడుగు వెర్షన్. బొమ్మ క్వాలిటీ కోసమైతే 2016లో వచ్చిన 4కే డిస్క్, దాంట్లో ఇంకో సుఖం కూడా ఉంది, 4కే డిస్కులకి రీజియన్ లాక్ ఉండదు, ఏ దేశంలో కొన్నా మీ 4కే ప్లేయర్లో ఆడుతుంది.

ప్రశ్న: మాటలు వినపడవని సౌండ్ పెంచితే పేలుళ్లకి పాప ఉలిక్కిపడి లేస్తోందండీ.

జవాబు: ప్లేయర్లోనో టీవీలోనో ఆడియో సెట్టింగ్స్‌లో నైట్ మోడ్ అని ఉంటుంది చూడండమ్మా, అది ఆన్ చేస్తే పెద్ద చప్పుళ్లు తగ్గి చిన్న మాటలు పైకొస్తాయి. థియేటర్ కోసం చేసిన మిక్స్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లో ఉంటాయి, మీ టీవీకి రెండే స్పీకర్లుంటే డిస్క్ మెనూలో స్టీరియో ట్రాక్ ఉందేమో చూసి అది పెట్టుకోండి. పాప నిద్రపోయాక సినిమా అంటే హెడ్‌ఫోన్సే మేలు.

ప్రశ్న: అటక మీద దొరికిన క్యాసెట్‌లో టేపు మీద తెల్లగా పొడిలా ఉంది. ఒకసారి వేసి చూడొచ్చా?

జవాబు: వద్దండీ, వెయ్యొద్దు! అది బూజు. వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకి కూడా పాకుతుంది, టేపు తెగినా తెగొచ్చు. ప్లాస్టిక్ కవర్లో విడిగా పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్లకివ్వండి. సినిమా అయితే డిస్క్‌లో మళ్లీ దొరుకుతుంది, అదే అటక మీద మీ ఇంటి పెళ్లి క్యాసెట్లు కూడా ఉన్నాయేమో ముందు అవి తీసి చూడండి.