రాత్రి వెళ్ళి లెక్కపెట్టు

అమ్మలూ,

బెజవాడ కొండల మీద ఇళ్ళల్లో పిల్లల కీళ్ళవాత జ్వరం మీద, అదే గొంతు నొప్పితో మొదలై కీళ్ళను పట్టి గుండెను దెబ్బతీసే జబ్బు మీద, థీసిస్ చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. వీధిలో పదిమందికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ప్రశ్నల పట్టికలూ అనుమతి కాగితాలూ నీకు నేను చెప్పక్కర్లేదు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకో. తిని బయల్దేరు.

ఇప్పుడు నా తప్పు విను. నేను ఏఎన్ఎమ్‌గా చేరిన కొత్త. మిట్టమధ్యాహ్నం కొండెక్కి, "ఇంట్లో ఎంతమందమ్మా?" అన్నాను. తల్లి రేషన్ కార్డు చూపించింది. నలుగురు. రాసుకున్నాను. గడపలో తొమ్మిదేళ్ళ పిల్ల మోకాలు పట్టుకుని కూర్చుంది. పోయిన వారం చీలమండట, ఇప్పుడు మోకాలట. "ఎదిగే పిల్లలకు మామూలే" అని రెండు మాత్రలిచ్చి దిగొచ్చేశాను. నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకు ఎందుకు పోతోందో ఆలోచించలేదు. రెండు మూడు వారాల కిందట గొంతు నొప్పి వచ్చిందా అని అడగనూ లేదు.

ఆరు నెలల తర్వాత టీకాలకు వెళ్తుంటే ఆ పిల్ల సగం మెట్ల మీద కూలబడి ఉంది. ఒళ్ళో స్టీలు బిందె, ఒలికిన నీళ్ళకు గౌను తడిసి ఒంటికి అంటుకుంది. నన్ను చూసి నవ్వి లేవబోయింది, ఆయాసంతో లేవలేకపోయింది. ఆస్పత్రిలో గుండె కవాటం దెబ్బతిందన్నారు.

ఆ రాత్రే వాళ్ళింటికి పోయాను. ఒకటే గది. పొయ్యి మూల పోగా మిగిలిన నేల మీద తొమ్మిదిమంది. పనికోసం ఊర్నించి వచ్చిన బాబాయి సంసారమంతా అక్కడే. దగ్గుతున్న పిల్లాడి మొహానికీ ఈ పిల్ల మొహానికీ మధ్య జానెడు.

అందుకే "ఎంతమంది ఉంటారు" అనకు. "రాత్రి ఎవరి పక్కన ఎవరు పడుకున్నారు" అను. ఇంటాయన ఎక్కడ ఖాళీ చేయమంటాడో అని తక్కువ చెప్తారు, వాళ్ళను నిలదీయకు. చాపలు లెక్కపెట్టుకో.

డెన్మార్కులో పెన్సిలిన్ రాకముందే, ఇళ్ళల్లో ఇరుకు తగ్గినకొద్దీ ఈ జబ్బు తగ్గుతూ వచ్చిందని సంక్రాంతికి నువ్వే అన్నావు. నాకు ఒళ్ళు మండింది. మేం ఏళ్ళ తరబడి సూదులు మోసుకుని ఆ మెట్లెక్కాం, గది మాత్రం అంతే ఉంది.

సూదంటే గుర్తొచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా వేసే పెన్సిలిన్ సూది 21 రోజులకోసారి తప్పకూడదు. మళ్ళీ జ్వరం తిరగబెట్టిందంటే కవాటం ఇంకాస్త పాడవుతుంది. కానీ సూది రోజు తల్లి కూలి పోతుంది. రాని తల్లుల్ని నేను నలుగురిలో తిట్టాను. నువ్వు తిట్టకే. ఏ రోజు పని ఉండదో అడిగి రాసుకో. సూది పడక ప్రాణం మీదికొస్తే వేసే అడ్రినలిన్ మందు దగ్గర లేకుండా ఆ సూది ఎవరినీ వేయనివ్వకు.

ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా నా దగ్గరే సూది వేయించుకుంది. తర్వాత ఏ ఊరు పోయిందో. కవాటం ఇరుకైన ఆడపిల్లకు కడుపొస్తే గుండె మీద ఎంత బరువో నీకు తెలుసు. పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన పిల్లల సంగతీ ప్రతి ఇంట్లో అడుగుతావా?

వానకు ఆ మెట్లు పాకుడు పట్టి జారతాయి. ఎత్తు మడమల చెప్పులు ఇంట్లో వదిలెయ్. టార్చి మర్చిపోకు.

మీ అత్త