కెర్నల్ పడిపోయినప్పుడు: ఫ్రీబీఎస్‌డీ మీద పనిచేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొత్త మార్పులు ముందుగా చేరే కరెంట్ బ్రాంచ్ దించుకుని, దాని మూలభాగమైన కెర్నల్ మీద పని మొదలుపెడతానని రాశావు. సంతోషం. సోర్స్ తెరవకముందే రెండు ఏర్పాట్లు చేసుకో. కొత్త కెర్నల్ చెడితే పాతదానిలోకి తిరిగి వచ్చే దారి ఒకటి, మిషన్ పడిపోతే ఆధారం డిస్క్ మీద మిగిలే ఏర్పాటు ఒకటి. మిగతాదంతా వీటి మీదే నిలబడుతుంది.

దారి సంగతి ముందు చెబుతాను. కొత్త కెర్నల్‌ని దాని చోట పెట్టే ఇన్‌స్టాల్‌కెర్నల్ నడిపినప్పుడు ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ డైరెక్టరీకి "కెర్నల్ డాట్ ఓల్డ్" అని పేరు మారుతుంది. కొత్తది లేవకపోతే, బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌ని తెచ్చే లోడర్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. ఇది చాలనుకుంటారు చాలామంది. చాలదు. అరకొరగా పనిచేసే కెర్నల్ ఒకటి బూట్ అయిందనుకో. అందులోనే ఉండి ఇంకో మార్పు చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే, ఆ అరకొర కెర్నలే ఓల్డ్ అయి కూర్చుంటుంది, నిజంగా బాగున్నది చెరిగిపోతుంది. అందుకే ప్రయోగం కెర్నల్‌ని వేరే పేరుతో పెట్టు. బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌కి ఇన్‌స్ట్‌కెర్న్‌నేమ్ అనే వేరియబుల్‌లో "టెస్ట్" అని ఇస్తే అది బూట్ కింద టెస్ట్ డైరెక్టరీలోకి వెళ్తుంది. తర్వాత నెక్స్ట్‌బూట్ కమాండ్‌కి హైఫన్ కె తో ఆ పేరు ఇవ్వు. ఒక్క బూట్‌కి మాత్రమే అది లేస్తుంది, పడిపోతే తర్వాతి బూట్‌లో మామూలు కెర్నల్ వస్తుంది.

జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉంటే బీఈసీటీఎల్ కమాండ్‌తో బూట్ ఎన్విరాన్‌మెంట్ (విడిగా బూట్ చేయగలిగే సిస్టమ్ నకలు) ఒకటి చేసుకుని, యాక్టివేట్‌కి హైఫన్ టీ ఇచ్చి అదే పని చేయవచ్చు. యూజర్‌ల్యాండ్ (కెర్నల్ బయటి ప్రోగ్రామ్‌లు, లైబ్రరీలు) కూడా మారుస్తున్నప్పుడు ఇదే మేలు. కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో: ప్రయోగాలు నడుస్తున్నన్నాళ్ళూ జడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల పూల్‌కి కొత్త ఫీచర్లు ఎక్కించే జడ్‌పూల్ అప్‌గ్రేడ్ జోలికి పోకు. కొత్త ఫీచర్లు ఒకసారి పూల్‌లో ఎక్కితే పాత కెర్నల్ ఆ పూల్‌ని తెరవలేకపోవచ్చు, పాత లోడర్ అసలు చదవలేకపోవచ్చు. అప్పుడు నువ్వు దాచుకున్న బూట్ ఎన్విరాన్‌మెంట్లన్నీ ఉండీ లేనట్టే.

యూజర్‌ల్యాండ్ మార్చేటప్పుడు వరస తప్పొద్దు. బిల్డ్‌వరల్డ్, బిల్డ్‌కెర్నల్, ఇన్‌స్టాల్‌కెర్నల్, రీబూట్, ఆ తర్వాతే ఇన్‌స్టాల్‌వరల్డ్. కొత్త కెర్నల్ పాత ప్రోగ్రామ్‌లని నడుపుతుంది. పాత కెర్నల్‌కి కొత్త లిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు వాడే మూల లైబ్రరీ) అడిగే సిస్టమ్ కాల్ తెలియకపోతే "బ్యాడ్ సిస్టమ్ కాల్" అని ప్రోగ్రామ్ చచ్చిపోతుంది, అది ఎల్‌ఎస్ అయినా సరే. గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటి బయటి మాడ్యూళ్ళని కూడా కొత్త కెర్నల్‌కి సరిపోయేలా మళ్ళీ బిల్డ్ చెయ్యి. అప్‌డేట్ కాగానే వచ్చే పానిక్‌లలో, అంటే కెర్నల్ ముందుకు సాగలేక పడిపోవడాలలో, చాలావాటికి కారణం పాత మాడ్యూలే. అది బూట్ సెట్టింగుల ఫైలైన ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లోని కేఎల్‌డీ లిస్ట్ (లోడ్ చేయాల్సిన మాడ్యూళ్ళ జాబితా) నుంచి లోడ్ అవుతుంటే సింగిల్ యూజర్‌లో బూట్ చేసి, రూట్‌ని రాయడానికి వీలుగా మౌంట్ చేసి, ఆ వరసని కామెంట్ చేసేయ్.

ఇక ఆధారం. ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో డంప్‌డెవ్ విలువ "ఆటో" అని ఉందో లేదో చూడు. పానిక్ వచ్చినప్పుడు కెర్నల్ తన మెమరీని స్వాప్ పార్టిషన్ మీద రాస్తుంది, తర్వాతి బూట్‌లో సేవ్‌కోర్ దాన్ని వార్ కింద క్రాష్ డైరెక్టరీలోకి వీఎంకోర్ ఫైల్‌గా తెస్తుంది. దీనికి నిజమైన పార్టిషన్ కావాలి, ఫైల్ మీద పెట్టిన స్వాప్ పనికిరాదు. ఏర్పాటు పనిచేస్తుందో లేదో అసలు పానిక్ వచ్చేదాకా ఆగకు. ఫైళ్ళన్నీ సేవ్ చేసుకుని, కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌తో "డీబగ్ డాట్ కేడీబీ డాట్ పానిక్" విలువని 1 చెయ్యి. మిషన్ కావాలనే పడిపోతుంది. కరెంట్‌లో మామూలుగా వచ్చే జెనరిక్ కెర్నల్ అయితే డీబగ్గర్ ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. అక్కడ బీటీ కొట్టి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న వరస) చూడు, తర్వాత డంప్, ఆ తర్వాత రీసెట్. గ్రాఫిక్స్ తెర మీద ఆ ప్రాంప్ట్ కనబడకుండా అంతా గడ్డకట్టినట్టు ఉండిపోవచ్చు. కాబట్టి టెక్స్ట్ కన్సోల్ మీద పని చెయ్యి, వీలైతే 115200 బాడ్ సీరియల్ కన్సోల్ (కేబుల్ మీద ఇంకో మిషన్‌కి టెక్స్ట్ పంపేది) పెట్టుకో. వర్చువల్ మిషన్ అయితే ఇది ఇంకా తేలిక. పానిక్ మాటలు ఫోటోగా కాక టెక్స్ట్‌గా చేతిలో ఉంటాయి.

ఇప్పుడు నిజమైన పానిక్ వచ్చిందనుకుందాం. చదవడం ఇక్కడ నేర్చుకోవాలి, తొందరపడకు. "ట్రాప్ 12" అంటే కెర్నల్ లోపల పేజ్ ఫాల్ట్, అందుబాటులో లేని మెమరీ అడ్రస్‌ని తాకడం. దాని కింద ఫాల్ట్ వర్చువల్ అడ్రస్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ 0ఎక్స్18 లాంటి చిన్న సంఖ్య ఉంటే ఏదో స్ట్రక్చర్ పాయింటర్ నల్ (సున్నా) అయింది, దాని మొదలు నుంచి 24 బైట్ల దూరంలో ఉన్న ఫీల్డ్‌ని కోడ్ తాకబోయింది. కెర్నల్ డీబగ్గరైన కేజీడీబీలో కెర్నల్‌నీ వీఎంకోర్‌నీ కలిపి తెరిచి, పీటైప్ కమాండ్‌కి స్లాష్ ఓ ఇస్తే ఫీల్డ్‌ల ఆఫ్‌సెట్లు బైట్లలో కనిపిస్తాయి. 24 దగ్గర ఏముందో చూస్తే ఏ పాయింటరో తెలిసిపోతుంది. అలా కాక "ట్రాప్ 9" (జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్) వచ్చి, రిజిస్టర్లలో డెడ్‌కోడ్ అని రెండుసార్లు చదవగలిగే హెక్స్ విలువ కనబడితే కథ వేరు. ఇన్‌వేరియంట్స్ అనే అదనపు తనిఖీలు ఉన్న కెర్నల్ విడిచేసిన మెమరీని ఆ గుర్తుతో నింపుతుంది. ఎవరో ఫ్రీ చేసిన మెమరీని ఇంకెవరో ఇంకా వాడుతున్నారన్నమాట.

పడిపోయిన చోట "నల్ అయితే వెనక్కి వెళ్ళు" అని ఒక వరస రాయబుద్ధేస్తుంది. రాయకు. పడిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. డ్రైవర్లలో తరచూ కనబడే ఉదాహరణ చెబుతాను. డ్రైవర్‌ని పరికరం నుంచి విడదీసే డీటాచ్ ఫంక్షన్, టైమర్‌ని (కెర్నల్‌లో దీని పేరు కాలౌట్) కాలౌట్ స్టాప్‌తో ఆపి, వెంటనే డ్రైవర్ తన వివరాలు దాచుకునే సాఫ్ట్‌సీ స్ట్రక్చర్‌ని వదిలేస్తుంది. కాలౌట్ స్టాప్ రాబోయే కాల్‌ని రద్దు చేస్తుంది, అప్పటికే ఇంకో సీపీయూ మీద నడుస్తున్న హ్యాండ్లర్ (టైమర్ పిలిచే ఫంక్షన్) కోసం ఆగదు. హ్యాండ్లర్ సగంలో ఉండగా మెమరీ పోతుంది. కావాల్సింది కాలౌట్ డ్రెయిన్, అది హ్యాండ్లర్ పూర్తయ్యేదాకా ఆగుతుంది. అలాగని హ్యాండ్లర్ తీసుకునే మ్యూటెక్స్ లాక్‌నే పట్టుకుని డ్రెయిన్ పిలిస్తే అది నీ కోసం, నువ్వు దాని కోసం, ఇద్దరూ అక్కడే. ముందు లాక్ వదులు, తర్వాత డ్రెయిన్ చెయ్యి. ఇంటరప్ట్‌ని తీసేసి, కాలౌట్, టాస్క్‌క్యూ (తర్వాత చేయాల్సిన పనుల వరస) రెండూ డ్రెయిన్ అయ్యాకే మ్యూటెక్స్‌ని నాశనం చేసి మెమరీ వదులు. సరిచేశాక మాడ్యూల్‌ని ఎక్కించే కేఎల్‌డీలోడ్, దించే కేఎల్‌డీఅన్‌లోడ్‌లని ఒక లూప్‌లో 200 సార్లు తిప్పు, పక్కనే ఆ పరికరం మీద పని నడుస్తూ ఉండాలి. ఒకసారి నిలబడితే అది రుజువు కాదు, ఇలాంటి తప్పులు సమయం కలిసినప్పుడే బయటపడతాయి.

లాక్‌ల వాడకాన్ని తనిఖీ చేసే విట్నెస్ వల్ల నెమ్మదిగా ఉందని, ఆ తనిఖీలు లేని నోడీబగ్ కెర్నల్‌కి మారకు. వేగం కొలిచేటప్పుడు మాత్రమే అది వాడు. మ్యూటెక్స్ పట్టుకుని ఎం వెయిట్‌ఓకేతో (దొరికేదాకా నిద్రపోయినా సరే అనే గుర్తుతో) మాలాక్ చేస్తే, అంటే మెమరీ అడిగితే, విట్నెస్ వెంటనే ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో చెబుతుంది. అది లేకపోతే మెమరీ చాలని రోజు దాకా ఆ తప్పు నోరు మూసుకుని ఉంటుంది. దీనికి మందు లాక్ తీసుకోకముందే మెమరీ తెచ్చిపెట్టుకోవడం. ఆగకుండా వెంటనే తేల్చే ఎం నోవెయిట్‌కి మార్చినా సరే, కానీ అది నల్ ఇవ్వవచ్చు, దాన్ని చూసుకునే కోడ్ రాయాలి.

పానిక్ రాకుండా ఒక ప్రోగ్రామ్ కదలకుండా ఉంటే ముందు దాని టెర్మినల్‌లో కంట్రోల్ టీ నొక్కు. ఏ వెయిట్ ఛానెల్ మీద, అంటే దేని కోసం ఆగి, నిద్రపోతోందో ఒక్క వరసలో చెబుతుంది. తర్వాత ప్రాక్‌స్టాట్ కమాండ్‌కి హైఫన్ తర్వాత రెండు కె లు ఇచ్చి ఆ ప్రాసెస్ థ్రెడ్ల కెర్నల్ స్టాక్‌లు చూడు. ప్రతిసారీ పానిక్ కొత్త చోట వస్తుంటే మాత్రం కోడ్ పక్కన పెట్టి ఒక రాత్రంతా ర్యామ్ పరీక్ష నడుపు.

నిన్నటిదాకా పనిచేసినది ఈరోజు చెడితే గిట్ బైసెక్ట్ పట్టు, అది కమిట్‌ల వరసని సగానికి సగం చేస్తూ తప్పు తెచ్చిన కమిట్‌ని వెతుకుతుంది. 1000 కమిట్‌లైతే సుమారు 10 బిల్డ్‌లు, అంతే. తప్పు ఏ సబ్‌సిస్టమ్‌లో ఉందో నమ్మకంగా తెలిస్తే ఆ డైరెక్టరీ ఇచ్చి ఇంకా తగ్గించవచ్చు, తెలియకపోతే ఇవ్వకు. బిల్డ్ కాని కమిట్‌ని "బ్యాడ్" అనొద్దు, "స్కిప్" అను. వేరే రకం పానిక్ వచ్చినా స్కిప్పే. ఒక్క తప్పు జవాబు చాలు, చివరికి సంబంధం లేని కమిట్ దగ్గర తేలతావు. బైసెక్ట్‌లో ప్రతి కెర్నల్‌నీ ఆ టెస్ట్ పేరుతోనే పెట్టు.

ప్యాచ్ రాసేటప్పుడు ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. ఖాళీ స్థలాల సర్దుబాటు కనబడితే అది ఇంకో కమిట్‌గా ఉండాలి. ఇండెంటేషన్ 8 కాలమ్‌ల ట్యాబ్, మాన్ (సిస్టమ్ మాన్యువల్) 9వ విభాగంలో స్టైల్ అనే పేజీ ఉంది, మొదటి ప్యాచ్‌కి ముందు పూర్తిగా చదువు. కమిట్ సందేశంలో ఏం మార్చావన్నది డిఫ్‌లో కనబడుతుంది కనుక ఎందుకు మార్చావో రాయి: ఏ రెండు దారులు ఎలా ఢీకొంటున్నాయి, ఎలా తెప్పించవచ్చు, ఎలా పరీక్షించావు. బగ్‌లు నమోదు చేసే బగ్‌జిల్లాలో రిపోర్ట్ ఉంటే "పీఆర్" వరసలో దాని నంబర్ ఇవ్వు. యూఎస్‌ఆర్ కింద టెస్ట్స్ డైరెక్టరీలో క్యువా అనే టూల్ నడిపే పరీక్షల్ని నీ మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడిపి పోల్చు. ముందే ఫెయిలయ్యేవి కొన్ని ఉండవచ్చు, అవి నీ లెక్కలోవి కావు. కోడ్ రివ్యూ సైటైన ఫాబ్రికేటర్‌లో ప్యాచ్ పెడితే డిఫ్‌ని పూర్తి కాంటెక్స్ట్‌తో ఇవ్వు, లేకపోతే చూసేవాళ్ళకి చుట్టూ ఉన్న కోడ్ కనబడదు.

రెండు వారాలు జవాబు రాకపోతే తాజా మెయిన్ (కరెంట్‌కి గిట్‌లో పేరు) మీదికి నీ ప్యాచ్‌ని రీబేస్ చేసి, లూప్ పరీక్ష మళ్ళీ నడిపి, ఆ ఫలితంతో పాటు ఒక చిన్న మాట రాయి. ఆ ఫైల్‌లో ఈమధ్య కమిట్‌లు చేసినవాళ్ళెవరో గిట్ లాగ్‌లో చూసి, వాళ్ళని రివ్యూకి చేర్చు. మొదటి వీఎంకోర్ చేతికి రాగానే దాని బ్యాక్‌ట్రేస్, కెర్నల్ కమిట్ హ్యాష్ రెండూ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మావయ్య