పదో తరగతి పిల్లకు డ్రాగన్ నవల

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. స్నేహితురాళ్లు చదువుతున్నారని ‘ఫోర్త్ వింగ్’ కొనమంటోంది. డ్రాగన్ల కథే కదా, కొనివ్వొచ్చా?
– ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. 2023లో వచ్చిన ఈ నవలను రెబెకా యారోస్ పెద్దల కోసమే రాశారు. నాయికకు 20 ఏళ్లు. పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. అవి సగం దాటాకే వస్తాయి కాబట్టి, ఈ-బుక్ నమూనాలో తొలి అధ్యాయాలు చదివి సరేననుకోవద్దు. కథ పరుగెత్తిస్తుంది, నిజమే. రెండో భాగం ‘ఐరన్ ఫ్లేమ్’లో మాత్రం ప్రేమికుల గొడవంతా ఒకరు నిజాలు దాచడం మీదే నడుస్తుంది. కూర్చుని మాట్లాడుకుంటే తీరే తగవును అంతలా సాగదీస్తే ప్రేమకథ పలచబడిపోతుంది.

షాపులో ఏ అరలో ఉందో చూసి కూడా నమ్మకండి. శారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ 2015లో టీనేజ్ పుస్తకంగా వచ్చింది, 2020లో అట్ట మార్చి పెద్దల పుస్తకంగా వేశారు. పాత ప్రతులు ఇంకా చేతులు మారుతున్నాయి. ‘న్యూ అడల్ట్’ అని ఉంటే 18 దాటినవారికని అర్థం.

బదులుగా లీ బార్డుగో ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ ఇవ్వండి. హింస ఉంది, కానీ టీనేజ్ వారికే రాసింది. రెండు భాగాల్లో ముగుస్తుంది. ఇందులో నాయకుడు ఎదుటివారి స్పర్శకే బెదిరి గ్లౌజులు తీయడు. ఆ ప్రేమలోని తడబాటు ఎంత బాగుంటుందో! మొదటి అధ్యాయం ఒక కాపలావాడి వైపు నుంచి సాగుతుంది. అక్కడ తికమకపడి ఆపేయకుండా మూడో అధ్యాయం దాకా చదవమనండి. కొనేముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి.