రాత్రి పూట రొయ్య వెలుగుతోందా? మందు సంచి విప్పే ముందు ఇది చదవండి

ప్రశ్న: వనామీ రకం రొయ్యల చెరువు, పిల్ల వదిలి 45 రోజులైంది. సెలినిటీ (నీటిలో ఉప్పు శాతం) 28 పీపీటీ, అంటే వెయ్యికి 28 పాళ్లు. రాత్రి చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తితే కొన్ని రొయ్యలు నీలిపచ్చగా మెరుస్తున్నాయి. మేత తగ్గింది, రోజూ కొన్ని చచ్చి కనిపిస్తున్నాయి. మేతలో యాంటీబయాటిక్ కలపమంటున్నారు. కలపవచ్చా సార్?

జవాబు: కలపొద్దు.

ముందు ఈ రాత్రి గట్టు మీది లైట్లన్నీ ఆపేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, ఒక మగ్గులో ఉత్త చెరువు నీళ్లు, ఇంకో మగ్గులో నీరసంగా ఉన్న రొయ్యను తీసుకుని చూడండి. నీళ్లు కదిపినప్పుడు మాత్రమే తళుక్కుమని ఆరిపోతే అది నాక్టిల్యూకా లాంటి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) వెలుగు, రొయ్యకు జబ్బు కాదు. కదపకపోయినా రొయ్య ఒంట్లోంచి వెలుగు ఆగకుండా వస్తుంటే బ్యాక్టీరియా పని, చాలావరకు విబ్రియో హార్వేయి. మీరు రాసింది చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది.

ఇది మీ చెరువుకు ఎవరో తెచ్చి అంటించిన పురుగు కాదు. సముద్రపు రొయ్యలు, పీతలు, చేపల ఒంటి మీద, పేగుల్లో మామూలుగానే బతుకుతుంది, రొయ్య పెంకుకు గట్టిదనం ఇచ్చే కైటిన్‌ను కూడా తినగలదు. 1936లో దీన్ని వర్ణించినవాళ్లు, జీవుల వెలుగు మీద పనిచేసిన న్యూటన్ హార్వే పేరు పెట్టారు. కాబట్టి దీన్ని చెరువులోంచి పూర్తిగా తుడిచేద్దాం అనుకోకండి, అది జరిగే పని కాదు. సంఖ్య పెరగకుండా చూడటమే మన చేతిలో ఉంది.

ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు ఈ బ్యాక్టీరియా వెలగదు. ప్రతి కణం ఓ రసాయన సంకేతాన్ని బయటికి వదులుతూ ఉంటుంది, గుంపు పెరిగి ఆ సంకేతం చిక్కబడ్డాకే అన్నీ కలిసి వెలుగుతాయి. అంటే రొయ్య మెరిసిందంటే లోపల సంఖ్య అప్పటికే బాగా పెరిగిపోయిందని. ఆ వెలుగుకు ఆక్సిజన్ కూడా కావాలి, అందుకే ఓ రాత్రి వెలుగు తగ్గితే సంబరపడకుండా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటరు పెట్టి చూడండి.

ఇక యాంటీబయాటిక్. జబ్బు పడిన రొయ్య మొదట మానేసేది మేతే, మరి మేతలో కలిపిన మందు దానికి ఎలా చేరుతుంది? తినేవి బాగున్న రొయ్యలు. మిగిలిన మందు అడుగున చేరి, దేనికీ లొంగని మొండి బ్యాక్టీరియాను తయారు చేస్తుంది. రేపు పట్టుబడి చేశాక (రొయ్యలు పట్టి అమ్మాక) శాంపిల్‌లో అవశేషాలు బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది, అప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది.

ఈ రోజే మేత సగానికి దించండి. రెండు గంటల తర్వాత కూడా చెక్ ట్రేలో మిగిలితే ఇంకా దించండి, ఎందుకంటే మిగిలిన మేత, అడుగు బురద ఈ బ్యాక్టీరియాకు విందు భోజనం. సెంట్రల్ డ్రెయిన్ (చెరువు మధ్యలో బురద బయటికి పోయే గొట్టం) ఉంటే బురద తీసేయండి, రాత్రంతా ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) ఆపొద్దు, డీవో లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగకూడదు. చచ్చిన రొయ్యల్ని వెంటనే ఏరేయాలి, లేకపోతే మిగతావి వాటిని పీక్కుతిని జబ్బు తెచ్చుకుంటాయి. శుద్ధి చేసిన తక్కువ ఉప్పు నీళ్లు దొరికితే సెలినిటీని కొద్దికొద్దిగా దించండి, ఉప్పు తగ్గేకొద్దీ హార్వేయికి గడ్డుకాలం.

చెరువులో శానిటైజర్ మాత్రం గుమ్మరించొద్దు. ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి కుళ్లుతుంది, ఆ ఖాళీలో అందరికంటే ముందు పెరిగేది విబ్రియోనే. బాసిల్లస్ ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) వేయవచ్చు, మురికి తగ్గించాకే.

ఉదయం నాలుగైదు రొయ్యల్ని చేతిలోకి తీసుకుని లివర్ చూడండి. పాలిపోయి కుంచించుకుపోతే, పేగు ఖాళీగా ఉంటే, ఆ రొయ్యల్నే ల్యాబ్‌కు పంపి విబ్రియో కౌంట్‌తో పాటు ఈఎంఎస్ (విబ్రియోల టాక్సిన్ వల్ల రొయ్యలు త్వరగా చచ్చే జబ్బు) పీసీఆర్ అనే జన్యు పరీక్ష కూడా అడగండి, ఎందుకంటే ఆ టాక్సిన్ జన్యువులు హార్వేయి బంధువుల్లోనూ ఉంటాయి. మేత తగ్గించాక కూడా చావులు రోజురోజుకూ పెరుగుతుంటే, సైజు రాలేదని చూడకుండా పట్టుబడి చేసేయండి. ఆ నీళ్లు క్లోరిన్ వేయకుండా కాలువలోకి వదలొద్దు, కింద ఇంకో రైతు ఉంటాడు.