యుర్సనార్ మీద వ్యాసం రాసేముందు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ వ్యాసం ప్రణాళిక చూశాను. జననం, బాల్యం, నవలలు, గౌరవాలు అని వరస పెట్టి, అనువాదాలన్నిటినీ చివర ఒక్క పేరాలో కుక్కేశావు. ముందు దాన్ని చింపెయ్. ఫ్రెంచి నవలా రచయిత్రి మార్గరిత్ యుర్సనార్ జీవితంలో అనువాదం ఖాళీ సమయంలో చేసుకున్న పని కాదు. నవలలు ఆగిపోయిన ఏళ్లలో కూడా ఆవిడ బల్ల మీద ఎవరిదో ఒకరి పద్యం ఉండేది.

పేరుతో మొదలుపెట్టు. మార్గరెట్ అని రాయకు, అది ఇంగ్లిష్ పలుకుబడి. ఇంటిపేరు క్రయాంకూర్. అందులోని పది ఫ్రెంచి అక్షరాలను తండ్రీ కూతురూ కూర్చుని అటూ ఇటూ మార్చి, ఒక 'సి' వదిలేస్తే తొమ్మిది అక్షరాల యుర్సనార్ వచ్చింది. ఈ తమాషా తెలుగు లిపిలో చూపించబోకు, కుదరదు. లెక్క చెప్పి ఊరుకో. 1947లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు అదే చట్టబద్ధమైన పేరయింది. పుట్టింది బ్రస్సెల్స్‌లో, 1903 జూన్ 8న. తల్లి బెల్జియం మనిషి, పురిటి జ్వరంతో పది రోజులకే పోయింది. తండ్రి ఫ్రాన్స్ వాడు కనుక బెల్జియం రచయిత్రి అని రాస్తే తప్పు. బడి ముఖం చూడలేదు. లాటిన్, గ్రీకు ఇంట్లోనే నేర్చుకుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటికి వస్తాను. పుస్తకం అచ్చయిన ఏడాది పట్టుకుని ఆవిడ అనువాదాలను వరస పెడితే కథ తలకిందులవుతుంది. వర్జీనియా వూల్ఫ్ ఇంగ్లిష్ నవల 'ది వేవ్స్' ఫ్రెంచిలోకి వచ్చింది 1937లో, అక్కడ చిక్కు లేదు. కానీ హెన్రీ జేమ్స్ నవల 'వాట్ మైసీ న్యూ' రెండో ప్రపంచయుద్ధానికి ముందు చేసినదైతే అచ్చు 1947లో. అలెగ్జాండ్రియా గ్రీకు కవి కవాఫీ మీద పని కూడా యుద్ధానికి ముందే మొదలై, పుస్తకంగా 1958లో వచ్చింది. ప్రాచీన గ్రీకు కవుల సంకలనం 'ల కురొన్ ఎ ల లీర్' 1979 దాకా ఆగింది. అచ్చు తేదీలే చూస్తే యుద్ధకాలంలో ఆవిడ ఏమీ చేయనట్టూ, డెబ్బై దాటాక హఠాత్తుగా గ్రీకు మీద పడ్డట్టూ కనిపిస్తుంది. అందుకని నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసుకో: పని మొదలైన కాలం, అచ్చయిన ఏడాది, ఎవరితో కలిసి చేసింది.

ఆ మూడో గడి ఖాళీగా వదలకు. కవాఫీకి కాన్‌స్టాంటిన్ దిమారాస్ తోడున్నాడు. 1984లో వచ్చిన, జపాన్ రచయిత మిషిమా రాసిన 'నో' (జపాన్ సంప్రదాయ రంగస్థల శైలి) నాటకాలు ఐదింటికి జున్ షిరాగి సాయం ఉంది. ఆ పేర్లు మింగేసి 'ఆమె అనువదించింది' అని సరిపెట్టడం అన్యాయం. పద్ధతి కూడా గమనించు. కవాఫీ కవితల్ని గద్యంలో పెట్టిన మనిషే ప్రాచీన గ్రీకు పద్యాలను ఫ్రెంచి ఛందస్సులో బిగించింది. అమెరికా నల్లజాతి వారి భక్తిగీతాల సంకలనం (1964) మళ్లీ వేరే దారి, అక్కడ జనం నోటి ఫ్రెంచి వినిపించాలని చూసింది. 'మూలానికి విధేయురాలు' అన్న ఒక్క మాటతో ఈ మూడింటినీ కట్టేయలేవు. 'ది వేవ్స్'కు 1993లో సెసిల్ వాజ్‌బ్రో మరో ఫ్రెంచి అనువాదం చేసింది. రెండింటిలోనూ ఒకే పేజీ తీసి పక్కపక్కన చదివిన తర్వాతే తీర్పు రాయి.

గ్రేస్ ఫ్రిక్ విషయంలో జాగ్రత్త. 1937లో పారిస్‌లో కలిసిన ఈ అమెరికన్, 1979లో చనిపోయేదాకా ఆవిడ జీవిత సహచరి. 'స్నేహితురాలు' అని దాటేస్తే అబద్ధం, ఊహాగానాలకు దిగితే చవకబారు. ఇద్దరూ మెయిన్ రాష్ట్రంలో మౌంట్ డిజర్ట్ ద్వీపం మీద 1950లో కొన్న ఇంటి పేరు పెతిత్ ప్లెజాన్స్. రోమన్ చక్రవర్తి చెప్పుకునే కథగా సాగే నవల 'హాడ్రియన్ జ్ఞాపకాలు' (1951) ఇంగ్లిష్ చేసింది ఫ్రిక్కే, 1954లో, రచయిత్రిని పక్కన పెట్టుకుని. నువ్వు చదివింది ఆ ఇంగ్లిషే కదా, ఆ సంగతి వ్యాసంలో చెప్పు.

ఆ నవల పుట్టుక గురించి రాసేటప్పుడు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ట్రంకు పెట్టె సంగతి తప్పక వస్తుంది. పాత కాగితాలు చించుతుంటే 'ప్రియమైన మార్క్' అని మొదలయ్యే ఉత్తరం దొరికింది. ఈ మార్క్ ఎవరా అని కాసేపు తడుముకుని, తను ఎప్పుడో వదిలేసిన నవలలో హాడ్రియన్ రాస్తున్నది తర్వాత చక్రవర్తి అయిన మార్కస్ అరీలియస్‌కని గుర్తుపట్టింది. ఇది 1948 డిసెంబర్ అని ఆవిడే రాసుకుంది. కాబట్టి 'ఆమె చెప్పినదాని ప్రకారం' అని చేర్చు. తన గురించి తాను రాసుకున్నదాన్ని కూడా దిద్దుకునే మనిషి.

శీర్షికల్లో ఒకటి ప్రమాదకరం. 1968లో ఫెమినా బహుమతి పొందిన 'లవ్ర్ ఓ న్వార్'ను ఇంగ్లిష్‌లో 'ది అబిస్' అన్నారు. అక్కణ్ణుంచి తెస్తే 'అగాధం' అవుతుంది, మూలం మాయమవుతుంది. అది రసవాదంలో పదార్థం కరిగి విడిపోయే తొలి దశ పేరు. 'నల్లదశ' అని ఒక వాక్యం వివరణ ఇస్తే చాలు.

మన పాఠకులకు దగ్గరయ్యేది కాళి కథ. 1938 నాటి కథల సంపుటి 'నువెల్ ఒరియాంతాల్'లో, తెగిన కాళి తలను దేవతలు ఒక వేశ్య మొండేనికి అతికిస్తారు. రేణుక ఎల్లమ్మ కథ తెలిసినవాళ్లు ఉలిక్కిపడతారు. పోలిక చూపించు కానీ అక్కణ్ణుంచి తీసుకుందని మాత్రం రాయకు. హిందూ పురాణగాథ ఆధారమని మాత్రమే ఆవిడ చెప్పింది. పైగా తర్వాతి ముద్రణలో ఆ ముగింపు తిరగరాసింది, నీ చేతిలో ఏ ముద్రణ ఉందో చూసుకో.

అకాడమీ సంగతికి ఒక పేరా చాలు. ఫ్రెంచి భాషా సాహిత్యాల కోసం 1635లో పెట్టిన ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికైన మొదటి స్త్రీ. ఎన్నిక 1980 మార్చి 6న, స్వాగత సభ 1981 జనవరి 22న. ఈ రెండు తేదీలూ కలిపేస్తుంటారు. నోబెల్ రాలేదు, వచ్చినట్టు ఎవరైనా రాస్తే ఆ వ్యాసం మూసెయ్. మరణం 1987 డిసెంబర్ 17.

హార్వర్డ్‌లో ఉన్న ఆవిడ కాగితాల్లో కొన్నిటికి 2037 దాకా సీలు ఉంది. అంతరంగం గురించి గట్టిగా చెప్పే వాక్యం రాసిన ప్రతిసారీ అది గుర్తుంచుకో. వ్యాసంలో ఒకటి రెండు వాక్యాలు ఉదహరిస్తే పరవాలేదు. పూర్తి కథ ఒకటి తెలుగు చేసి జతచేస్తానన్నావే, దానికి మాత్రం హక్కులు అడగాలి. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్లు, అంటే 2047 చివరిదాకా. ఇంగ్లిష్ నుంచి చేస్తే ఆ అనువాదం హక్కు కూడా వేరుగా ఉంటుంది. ఉత్తరం ఇప్పుడే రాయి, జవాబుకు నెలలు పట్టొచ్చు.

పెద్దమ్మ