మహబూబ్‌నగర్ నుంచి ఒక్క రోజులో అమ్రాబాద్ అడవి చూసి రావచ్చా?

రావచ్చు, తెల్లారకముందే బయల్దేరితే. అచ్చంపేట, మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీదే ఫరహాబాద్ గేటు వస్తుంది. అటవీశాఖ సఫారీ అక్కడి నుంచే. లోపల వ్యూ పాయింట్ వైపు నిజాం కాలపు వేట బంగళా శిథిలాలున్నాయి. ఒకప్పుడు తుపాకులు మోగిన ఆ చోటు ఇప్పుడు 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యం. ఈ మార్పు కోసమైనా చూసి తీరాలి.

పులి మీదే ఆశ పెట్టుకోకండి. ఎండాకాలంలో ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీటిగుంటల దగ్గర దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు) బాగా కనిపిస్తాయి. ఇప్పచెట్ల కింద పొద్దున్నే రాలిన పూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి. చెంచు గైడ్ ఉంటే అడుగుజాడలు చూపించి చెబుతారు, ఓపిగ్గా వినండి.

వానాకాలంలో సఫారీ ఉండదు. రాత్రి 9 తర్వాత అడవి రోడ్డు మూసేస్తారు, ఆలోపే బయటపడాలి.